కూరగాయల్లో, నేలలో పురుగుమందుల అవశేషాలను గుర్తించడం: పొలం నుంచి నివేదిక దాకా

పత్తికొండ మార్కెట్‌కు వచ్చిన టమాటా గంపలో ఏ మందు ఎంత మిగిలి ఉందో చెప్పమని ఎవరైనా అడిగితే, జవాబు కోట్ల రూపాయల యంత్రంలోనే ఉందని చాలామంది అనుకుంటారు. ఈ పనిలో కొన్నేళ్లు గడిపిన తరువాత నాకు కలిగిన అభిప్రాయం వేరు. యంత్రం తన ముందు పెట్టిన ద్రావణాన్ని మాత్రమే కొలుస్తుంది. ఆ ద్రావణం గంపలోని టమాటాకు నిజమైన ప్రతినిధా కాదా అన్నది అంతకు ముందే, చేలోనూ ఐస్‌పెట్టెలోనూ మిక్సీలోనూ సెంట్రిఫ్యూజ్ ట్యూబులోనూ తేలిపోయి ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో యంత్రానికి చేరేలోపు జరిగే పనికే ఎక్కువ చోటు ఇచ్చాను. కర్నూలు, అనంతపురం, కడప విశ్వవిద్యాలయాలలో రసాయనశాస్త్రం చదివి మొదటిసారి అవశేషాల ప్రయోగశాలలో అడుగుపెట్టే వారిని దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక తేడాను స్పష్టంగా గ్రహించాలి. దుకాణంలో అమ్మే మందు సీసాలో చెప్పినంత మందు ఉందో లేదో చూసేది నాణ్యతా పరీక్ష. పంటలో, మట్టిలో మిగిలిన మందును చూసేది అవశేషాల పరీక్ష. 20 శాతం క్లోరోపైరిఫాస్ సీసాలో అయిదింట ఒక వంతు మందే ఉంటుంది. అవశేషాల పరీక్షలో మనం వెతికేది కిలోకు 0.01 మిల్లీగ్రాము, అంటే పది కోట్లలో ఒక వంతు. ఈ రెండింటి మధ్య తేడా రెండు కోట్ల రెట్లు. కాబట్టి ఈ రెండు పరీక్షలనూ ఒకే గదిలో, ఒకే గాజు సామానుతో, ఒకే తక్కెడ మీద చేయకూడదు. సీసా మూత తీసిన చేత్తో పట్టుకున్న పిపెట్ ఒక్కటి చాలు, వారం రోజుల ఫలితాలు పాడు కావడానికి.

ఏం వెతుకుతున్నామో ముందే రాసుకోవాలి

నమూనా తేవడానికి వెళ్లేటప్పుడే ఆ చేనులో ఏయే మందులు, ఏ తేదీల్లో, ఎంత మోతాదులో కొట్టారో, చివరిసారి కొట్టినప్పటి నుంచి కోతకు ఎన్ని రోజుల ఎడం ఉందో రైతును అడిగి రాసుకోవాలి. ఆ వివరాలు లేకుండా పరీక్షకు కూర్చోవడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే అవుతుంది. రైతు మందు పేరు చెప్పలేకపోతే ఖాళీ డబ్బా చూపించమని అడగాలి, ఎందుకంటే వ్యాపారపు పేర్లు వందల్లో ఉంటాయి, లోపలి రసాయనం మాత్రం డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

కొట్టిన మందునే కాక, అది మారి ఏమవుతుందో దాన్నీ వెతకాలి. అసిఫేట్ కొట్టిన పంటలో మెథమిడోఫాస్ కనిపిస్తుంది. ఫిప్రోనిల్ సల్ఫోన్‌గా మారుతుంది. థయోఫనేట్ మిథైల్ చల్లిన చోట కార్బెండజిమ్ వస్తుంది, అది చూసి రైతు కార్బెండజిమ్ కొట్టాడని నిర్ధారించడం తప్పు. నేల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011లో నిలిపివేసింది, కాబట్టి పాత పత్తి చేల మట్టిలో ఇప్పుడు వెతకవలసింది ఆల్ఫా, బీటా రూపాలతో పాటు, అంతకంటే మొండిగా మిగిలే ఎండోసల్ఫాన్ సల్ఫేట్‌ను. డీడీటీ వెతికేవారు అది విచ్ఛిన్నమై ఏర్పడే డీడీఈ, డీడీడీలను వదిలేస్తే సగం లెక్కే చేసినట్టు.

కూరగాయల నమూనా తీయడం

అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పద్ధతి ప్రకారం టమాటా, వంకాయ, ఉల్లి వంటి మధ్యరకం కూరగాయలైతే కనీసం 10 కాయలతో కిలో నమూనా, క్యాబేజీ, సొర వంటి 250 గ్రాములు దాటే పెద్దవైతే కనీసం 5 కాయలతో 2 కిలోల నమూనా తీసుకోవాలి. గంప పైవరుసలో నిగనిగలాడేవాటిని ఏరుకోవడం మానవ సహజం. ఆ సహజాన్ని అదుపు చేయడానికే పై, మధ్య, అడుగు వరుసల నుంచి, ఒకటికి మించిన గంపల నుంచి తీసుకోవాలి. చేలోనే తీస్తే గట్ల వెంట మొక్కలను వదిలి, చాళ్లలో వంకర టింకరగా నడుస్తూ, ఆకుచాటున ఉన్న కాయలనూ ఎండకు ఎదురుగా ఉన్న కాయలనూ కలిపి కోయాలి.

కూరగాయలను కడగకూడదు. ఇంట్లో వండేటప్పుడు కడగడం మంచిదే, ఇక్కడ మాత్రం కడిగితే మనం వెతికేదే నీళ్లలో పోతుంది. అంటుకున్న మట్టిని మెత్తని బ్రష్‌తో దులపడం వరకే చేయాలి. టమాటాకు తొడిమ తీసేయాలి. ఉల్లిగడ్డకు వేళ్లు, తనంతట తాను ఊడివచ్చే పైపొర మాత్రమే తీయాలి, కూరకు తరిగినట్టు రెండు మూడు పొరలు ఒలవకూడదు.

రవాణా గురించి ఒక అనుభవం చెప్పాలి. మొదటి ఏడాది మే నెలలో ఆస్పరి వైపు నుంచి తెచ్చిన నమూనాలను ఐస్ లేకుండా ప్లాస్టిక్ సంచుల్లో బస్సు పైన వేసి పంపారు, నేను అభ్యంతరం చెప్పకుండా తీసుకున్నాను. ప్రయోగశాలకు చేరేసరికి కాయలు కమిలి నీరు కారుతున్నాయి. డైక్లోరోవాస్ వంటి ఆవిరయ్యే మందు ఆ ఎండలో మిగిలి ఉంటుందని అనుకోవడం అమాయకత్వం. ఆ నమూనాల ఫలితాల్లో ‘కనబడలేదు’ అని వచ్చిన ప్రతిదీ పనికిరానిదే అయింది. అప్పటి నుంచి థర్మోకోల్ పెట్టెలో ఐస్ ప్యాక్‌ల మధ్య రాని నమూనాను వెనక్కి పంపుతున్నాను. మన వైపు వేసవిలో 40 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి ఈ నియమంలో సడలింపు పెట్టుకోకూడదు.

మట్టి నమూనా: భూసార పరీక్ష అలవాటు ఇక్కడ పనికిరాదు

మన రైతులకూ సిబ్బందికీ మట్టి నమూనా అంటే భూసార పరీక్షే గుర్తుకొస్తుంది. అందులో సగం పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. ఎకరా చేనులో 10 నుంచి 15 చోట్ల, పైన చెత్త తొలగించి, ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంత తీసి, గోడ వెంట ఒకే మందంలో మట్టి గీకి, అన్నింటినీ కలిపి వృత్తంగా పరచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలను ఉంచుకుంటూ అర కిలోకు తగ్గించాలి. గట్లు, పేడకుప్పలు ఉన్న చోట్లు, మందు కలిపే డ్రమ్ము పెట్టే చోటు, పంపు కడిగే బావి ఒడ్డు వదిలేయాలి. ఆ చోట్లలో ఏముందో తెలుసుకోవడమే ప్రశ్న అయితే దాన్ని వేరే నమూనాగా తీయాలి.

మిగిలిన సగం పద్ధతిని ఇక్కడ తలకిందులు చేయాలి. భూసార పరీక్షకు మట్టిని నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో పంపుతాం. అవశేషాల పరీక్షకు ఆరబెడితే ఆవిరయ్యే మందులు పోతాయి, సూక్ష్మజీవులు కొన్నింటిని తినేస్తాయి. అందువల్ల తడిమట్టిని తడిగానే, అల్యూమినియం రేకులో చుట్టి గాజు సీసాలో పెట్టి, చల్లగా తెచ్చి, మైనస్ 20 డిగ్రీలలో దాచాలి. పార స్టెయిన్‌లెస్ స్టీల్‌ది అయితే మంచిది. ఒక చేను నుంచి మరో చేనుకు పోయేముందు దాన్ని కడిగి అసిటోన్‌తో తుడవాలి.

నల్లరేగడి నేలకూ అనంతపురం ఎర్రనేలకూ మధ్య ఉన్న తేడా ప్రయోగశాల దాకా వెంటాడుతుంది. రేగడిలో ఉబ్బే బంకమన్ను ఎక్కువ, అది నీటిని పట్టినట్టే చాలా రసాయనాలను పొరల మధ్య పట్టి ఉంచుతుంది. ఎర్రనేలలో ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ, అందుకే మందు కొంత సులువుగా వదులుతుంది. ఒక నేలలో సరిపడిన సంగ్రహణ (నమూనాలోని మందును ద్రావకంలోకి లాగడం) పద్ధతి మరో నేలలో సరిపడుతుందని ముందే నమ్మకూడదు, రెండింటికీ వేర్వేరుగా రికవరీ, అంటే మనం కలిపిన మందులో ఎంత శాతం తిరిగి దొరికిందో చూడాలి.

ప్రతి మట్టి నమూనా నుంచి 10 గ్రాములు విడిగా తూచి 105 డిగ్రీలలో బరువు నిలకడ అయ్యేదాకా ఆరబెట్టి తేమ శాతం కట్టాలి. ఇది వేరే పాత్రలో చేసే పని, ఆ మట్టిని అవశేషాలకు వాడరు. పరీక్షించే మట్టిని మాత్రం రాళ్లు, వేళ్లు ఏరి 2 మిల్లీమీటర్ల జల్లెడలో పట్టాలి. తడి రేగడి జల్లెడలో దిగదు కాబట్టి దాన్ని చేత్తో చిదిపి కలపడమే మార్గం.

నూరడం

కిలో టమాటాలో నుంచి మనం తూచేది 10 గ్రాములు. ఆ 10 గ్రాములు కిలో మొత్తానికి సమానం కావాలంటే నూరడం గంధం తీసినట్టు ఉండాలి. ముక్కలు కోసి మైనస్ 20 డిగ్రీలలో గట్టిపడేదాకా ఉంచి, గట్టిగా ఉండగానే నూరితే కాయ రసం కారదు, క్లోరోథలోనిల్, కాప్టాన్ వంటి సున్నితమైన మందులు కాయలోని ఎంజైములకు దొరకవు. డ్రై ఐస్ దొరికితే దానితో కలిపి నూరడం ఇంకా మేలు. నూరిన ముద్దలో తొక్క ముక్కలు కనబడుతుంటే పని పూర్తి కాలేదని అర్థం, ఎందుకంటే చాలా మందులు తొక్కలోనే ఉంటాయి.

సంగ్రహణ: క్వెచర్స్ పద్ధతి

2003లో అనస్టాసియాడెస్, లెహోటే తదితరులు ప్రచురించిన ఈ పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతటా కూరగాయల పరీక్షకు వెన్నెముకగా ఉంది. దాని సిట్రేట్ రూపాన్ని ఇక్కడ ఇస్తున్నాను.

50 మిల్లీలీటర్ల ట్యూబులో 10 గ్రాముల నూరిన కూరగాయ తూచాలి. అంతర్గత స్టాండర్డ్‌గా ట్రైఫినైల్ ఫాస్ఫేట్ గానీ ఐసోటోప్ గుర్తున్న మందు గానీ తెలిసిన పరిమాణంలో వేయాలి. 10 మిల్లీలీటర్ల అసిటోనైట్రైల్ పోసి నిమిషం పాటు గట్టిగా కుదపాలి. ఆ తరువాత ముందే తూచి ఉంచుకున్న లవణాల మిశ్రమాన్ని, అంటే 4 గ్రాముల నిర్జల మెగ్నీషియం సల్ఫేట్, 1 గ్రాము ఉప్పు, 1 గ్రాము ట్రైసోడియం సిట్రేట్, అర గ్రాము డైసోడియం హైడ్రోజన్ సిట్రేట్‌లను ఒక్కసారిగా వేసి వెంటనే కుదపాలి. ఈ ‘వెంటనే’ అన్న మాటను తేలిగ్గా తీసుకోవద్దు: మెగ్నీషియం సల్ఫేట్ నీటిని పీల్చి రాయిలా గడ్డకడుతుంది, పైగా వేడెక్కుతుంది. మన గదుల్లో వేసవిలో ట్యూబులను ఐస్‌నీళ్లలో నిలిపి ఉంచి లవణాలు వేయడం మంచిది. ఇరవై ట్యూబులకు వరసగా లవణం పోసి ఆఖరున అన్నీ కుదిపేవారిని చూశాను, వారి మొదటి పది ట్యూబుల అడుగున గడ్డలే మిగిలాయి. ఒక ట్యూబుకు వేయాలి, కుదపాలి, తరువాతిదానికి పోవాలి. చివరగా 4000 ఆర్‌పీఎం వద్ద 5 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేస్తే పైన అసిటోనైట్రైల్ పొర తేటగా విడిపోతుంది. దాని ప్రతి మిల్లీలీటరూ ఒక గ్రాము కూరగాయకు సమానం.

సిట్రేట్ లవణాలు ద్రావణాన్ని పీహెచ్ 5 నుంచి 5.5 మధ్య ఉంచుతాయి. గోంగూర, చింతచిగురు వంటి పులుపు ఆకులకు ఆ బఫర్ చాలకపోవచ్చు. లవణాలు వేశాక పీహెచ్ కాగితంతో చూసి, తక్కువగా ఉంటే సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని చుక్కచుక్కగా వేసి సరిచేయాలి. విదేశీ ప్రోటోకాల్స్‌లో నిమ్మపండు గురించి రాస్తారే గానీ గోంగూర గురించి రాయరు, అది మనం చూసుకోవలసిందే.

ఎండుమిర్చికి 10 గ్రాములు కుదరదు. 2 గ్రాముల పొడికి 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి నానబెట్టి తరువాత అసిటోనైట్రైల్ పోయాలి. మట్టికి కూడా నీళ్లు ముఖ్యం: 10 గ్రాముల మట్టికి 10 మిల్లీలీటర్ల నీళ్లు కలిపి అరగంట నాననిచ్చి, 10 మిల్లీలీటర్ల అసిటోనైట్రైల్ పోసి, చేత్తో నిమిషం కాక యంత్రంతో కనీసం పావుగంట కుదపాలి. నానని మట్టికణం లోపలికి ద్రావకం పోదు. రేగడికి ఈ కుదుపు అరగంట అయినా అతి కాదు.

శుద్ధి చేయడం

పై పొరలో మందుతో పాటు చక్కెరలు, ఆమ్లాలు, రంగులు కూడా ఉంటాయి. 1 మిల్లీలీటరు పై ద్రావణాన్ని 150 మిల్లీగ్రాముల మెగ్నీషియం సల్ఫేట్, 25 మిల్లీగ్రాముల పీఎస్ఏ (ఆమ్లాలను, చక్కెరలను పట్టుకునే అమైన్ పొడి) ఉన్న చిన్న ట్యూబులో పోసి అర నిమిషం కుదిపి మళ్లీ సెంట్రిఫ్యూజ్ చేయాలి. టమాటా, వంకాయలకు ఇది చాలు. తోటకూర, పాలకూర వంటి పచ్చని ఆకులకు గ్రాఫైట్ కార్బన్ కొద్దిగా కలపాలి, అయితే అది పత్రహరితంతో పాటు క్లోరోథలోనిల్, హెక్సాక్లోరోబెంజీన్ వంటి చదునైన అణువులను కూడా పట్టేస్తుంది. ద్రావణం నీళ్లలా తేటపడాలని ఆశపడి కార్బన్ ఎక్కువ వేసేవారు మందును కూడా తేటపరుస్తారు. లేత ఆకుపచ్చ మిగిలితే మిగలనివ్వండి.

2,4-డి వంటి ఆమ్ల కలుపుమందులను వెతికేటప్పుడు పీఎస్ఏ వాడకూడదు, అవి దానికే అంటుకుపోతాయి. శుద్ధి అయిన ద్రావణాన్ని కాసేపు ఉంచవలసి వస్తే మిల్లీలీటరుకు 10 మైక్రోలీటర్ల 5 శాతం ఫార్మిక్ ఆమ్లపు అసిటోనైట్రైల్ ద్రావణం వేయాలి, లేకపోతే క్షారానికి ఓర్వని మందులు విచ్ఛిన్నమవుతాయి.

ఈ వలలో పడనివి

టమాటా మీద విరివిగా కొట్టే మాంకోజెబ్‌ను పై పద్ధతి పట్టుకోలేదు. దానికి నమూనాను నూరకుండా, ముక్కలుగా కోసి, స్టానస్ క్లోరైడ్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలతో మూసిన సీసాలో వేడిచేసి, వెలువడే కార్బన్ డైసల్ఫైడ్‌ను ఐసోఆక్టేన్‌లోకి తీసుకుని వాయు క్రొమటోగ్రఫీ యంత్రంలో (జీసీలో) కొలవాలి. ఉల్లి, వెల్లుల్లి, క్యాబేజీలు తమంతట తామే ఆ వాయువును వదులుతాయి కాబట్టి ఉల్లిలో కొద్దిగా కనబడిన కార్బన్ డైసల్ఫైడ్‌ను మాంకోజెబ్ అని రాయడం రైతుకు అన్యాయం చేయడమే. గ్లైఫోసేట్, పారాక్వాట్‌లకూ వేరే పద్ధతులు ఉన్నాయి. పారాక్వాట్ అయితే రేగడి మన్నులో అతుక్కున్నాక అసిటోనైట్రైల్‌కు అస్సలు లొంగదు.

కొలత

అసిఫేట్, ఇమిడాక్లోప్రిడ్, కార్బెండజిమ్ వంటి నీటిలో కరిగే, వేడికి ఓర్వని మందులకు ద్రవ క్రొమటోగ్రఫీకి (ఎల్‌సీ) ద్రవ్యరాశి విశ్లేషణ (ఎంఎస్) జోడించిన ఎల్‌సీ-ఎంఎస్‌ఎంఎస్, క్లోరిన్ ఉన్న పాత మందులకు, సింథటిక్ పైరెథ్రాయిడ్‌లకు జీసీ-ఎంఎస్‌ఎంఎస్ నప్పుతాయి. ఒక మందును గుర్తించామని చెప్పాలంటే మూడు సాక్ష్యాలు కావాలి: స్టాండర్డ్ వచ్చిన సమయానికే, 0.1 నిమిషం తేడా లోపల రావడం. కనీసం రెండు అయాన్ మార్పులు (పెద్ద అయాన్ విరిగి చిన్నది కావడం) కనబడడం, ఉదాహరణకు ఇమిడాక్లోప్రిడ్‌కు 256 నుంచి 209కి, 256 నుంచి 175కి. ఆ రెండింటి నిష్పత్తి స్టాండర్డ్ నిష్పత్తికి 30 శాతం లోపల ఉండడం. ఎంఎస్ లేని ప్రయోగశాలలో జీసీ-ఈసీడీతో (ఎలక్ట్రాన్ క్యాప్చర్ డిటెక్టర్ ఉన్న జీసీతో) పనిచేసేవారు భిన్న స్వభావం గల రెండు కాలమ్‌ల మీద ఒకే జవాబు వస్తేనే నమ్మాలి. ఒక్క కాలమ్ మీద ఒక్క శిఖరం చూసి పేరు పెట్టడం కూడదు.

స్టాండర్డ్‌లను శుభ్రమైన అసిటోనైట్రైల్‌లో కాక, మందు లేని అదే కూరగాయ ద్రావణంలో తయారుచేసుకోవాలి. టమాటా రసం ఎల్‌సీలో సంకేతాన్ని అణచవచ్చు, జీసీలో పెంచవచ్చు. మందు లేని టమాటా ఎక్కడ దొరుకుతుందంటే, మందు కొట్టని పెరటి మొక్కలే ఆధారం. నేలకైతే అదే రకం మట్టి ఉన్న, ఎన్నడూ సాగు చేయని బంజరు నుంచి తెచ్చుకోవాలి.

యంత్రాలు లేని చోట ఎంజైము పరీక్ష ఉంది. ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులు ఎసిటైల్‌కోలినెస్టరేజ్‌ను అణచివేస్తాయి, అప్పుడు ఎల్‌మన్ రసాయనంతో రావలసిన పసుపురంగు 412 నానోమీటర్ల వద్ద తగ్గుతుంది. జల్లెడ పట్టడానికి అది బాగానే పనికొస్తుంది. అయితే క్లోరోపైరిఫాస్ వంటి వాటిని ముందుగా బ్రోమిన్ నీటితో ఆక్సీకరిస్తే గానీ అవి సరిగా పట్టుబడవు, ఇమిడాక్లోప్రిడ్, పైరెథ్రాయిడ్‌లు ఎలాగూ పట్టుబడవు, ఉల్లి, ముల్లంగి, కొత్తిమీరలలో మందు లేకున్నా ఉన్నట్టు చూపవచ్చు.

పద్ధతి పనిచేస్తోందని రుజువు చేసుకోవడం

ప్రతి విడతలో మందు లేని నమూనా ఒకటి, తెలిసినంత మందు మనమే కలిపిన నమూనా ఒకటి తప్పక నడవాలి. 10 గ్రాముల ముద్దలో మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము ఉన్న స్టాండర్డ్‌ను 100 మైక్రోలీటర్లు వేస్తే కిలోకు 0.01 మిల్లీగ్రాము అవుతుంది. 10 మైక్రోగ్రాముల స్టాండర్డ్ అయితే 0.1 అవుతుంది. కొత్త పద్ధతిని నెలకొల్పేటప్పుడు ఈ రెండు స్థాయిల్లో అయిదేసి సార్లు చేసి, సగటు రికవరీ 70 నుంచి 120 శాతం మధ్య, వాటి మధ్య వ్యత్యాసం 20 శాతం లోపల ఉన్నాయని చూడాలి. ఆ పరీక్షలో నెగ్గిన అతి చిన్న స్థాయే మన పద్ధతి కొలవగల కనిష్ఠ పరిమితి. యంత్రం ఇంకా తక్కువ చూపగలదని కంపెనీ ఇంజనీరు చెప్పిన అంకె ఇక్కడ చెల్లదు.

మట్టి విషయంలో రికవరీ అంకెను కొంత అనుమానంగానే చూడాలి. మనం ఇప్పుడే పోసిన మందు కణాల పైనే ఉంటుంది, వెంటనే వదులుతుంది. మూడేళ్లుగా ఎండావానల్లో మట్టిలో ఇంకిన మందు అలా వదలదు. మందు కలిపిన మట్టిని రాత్రంతా ఉంచి మరునాడు పరీక్షించడం కొంత మెరుగు, అయినా అది పాత అవశేషానికి పూర్తి నకలు కాదు.

మందు లేని నమూనాలో ఏదైనా కనబడితే ఆ విడత మొత్తాన్ని ఆపి కారణం వెతకాలి. ఒకసారి మా బ్లాంక్‌లన్నింటిలో ట్రాన్స్‌ఫ్లూత్రిన్ వస్తూ రెండు వారాలు వేధించింది. ద్రావకం మార్చాం, కాలమ్ మార్చాం. చివరకు రాత్రి కాపలాదారు దోమలకు పెట్టుకున్న లిక్విడ్ మందు యంత్రమని తేలింది, అదీ నమూనాలు తూచే బల్ల పక్కనే.

లెక్క, నివేదిక

కూరగాయకు లెక్క సులువు: ద్రావణంలో మిల్లీలీటరుకు 0.035 మైక్రోగ్రాములు వస్తే, మిల్లీలీటరు ఒక గ్రాముకు సమానం కాబట్టి కిలోకు 0.035 మిల్లీగ్రాములు. పలచన చేసి ఉంటే అన్ని రెట్లు హెచ్చించాలి. మట్టిని ఆరుబరువు మీద చెప్పాలి: 12 శాతం తేమ ఉన్న 10 గ్రాముల మట్టిలో ఆరుబరువు 8.8 గ్రాములు, ద్రావణంలో 0.022 వస్తే, దాన్ని 10తో హెచ్చించి 8.8తో భాగిస్తే 0.025 మిల్లీగ్రాములు.

ఈ అంకెను భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) నిర్దేశించిన గరిష్ఠ పరిమితితో పోల్చాలి. ఆ పంటకు ఆ మందు పరిమితి విడిగా లేకపోతే సాధారణంగా 0.01 వర్తిస్తుంది. అవి ఆహారానికి పెట్టిన పరిమితులు, మట్టి ఫలితాన్ని వాటితో పోల్చి ‘పరిమితి దాటింది’ అని రాయకూడదు. కొలతలోని అనిశ్చితిని కూడా లెక్కించాలి. అంతర్జాతీయంగా 50 శాతం అనిశ్చితిని అంగీకరిస్తారు, 0.01 పరిమితి ఉన్న చోట 0.018 వస్తే అందులో సగం తీసివేసినప్పుడు 0.009 అవుతుంది, దాన్ని ఉల్లంఘన అనలేం. 0.024 వస్తే 0.012 మిగులుతుంది, అనవచ్చు. కనిష్ఠ పరిమితికి కింద ఉన్నదాన్ని ‘సున్నా’ అనీ ‘మందు లేదు’ అనీ రాయకుండా ‘0.01 కన్నా తక్కువ’ అనే రాయాలి. నివేదికలో రికవరీ శాతం, వెతికిన మందుల జాబితా పూర్తిగా ఉండాలి, ఎందుకంటే జాబితాలో లేని మందు గురించి మనం ఏమీ చెప్పలేదని చదివేవారికి తెలియాలి.

పరిమితి దాటిన ప్రతి ఫలితాన్నీ, ఫ్రీజర్‌లో ఉంచిన అదే ముద్ద నుంచి మళ్లీ 10 గ్రాములు తూచి, మరో రోజు, వీలైతే మరో చేతితో పరీక్షించాకే సంతకం పెట్టాలి. మిగిలిన ముద్దను వివాద గడువు ముగిసేదాకా మైనస్ 20 డిగ్రీలలో ఉంచాలి. వాడిన అసిటోనైట్రైల్‌ను సింకులో పోయకుండా, పేరు రాసిన సీసాలో పోసి ప్రమాదకర వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించాలి.